పదకొండో పేజీ

మా అప్పలస్వామి మాస్టారి తాలింఖానాలో మొదటి పాఠం చెంబుడు నీళ్ళు. గదలు తిప్పడానికి వచ్చినవాడైనా, ఇనుము ఎత్తడానికి వచ్చినవాడైనా, ఊరికే కబుర్లకు వచ్చే నాలాంటివాడైనా సరే, గుమ్మం పక్కనున్న కుండలోంచి చెంబు ముంచి, మాస్టారు చూస్తుండగా ఆఖరి చుక్క దాకా తాగాలి. తాగకుండా బరువుల బార్ మీద చెయ్యి వేస్తే ఆ చేతి మీద ఆయన బెత్తం పడుతుంది. ఊళ్ళోవాళ్ళు దీనికి అప్పలస్వామి తీర్థమని పేరు పెట్టి నవ్వుకుంటారు. ఎందుకీ పద్ధతి అని ఎవరైనా అడిగితే ఆయన జవాబు ఒకటే. "ముందు తాగు."

డెబ్బై నాలుగేళ్ళ మనిషి. వాదన ఆయన ఒంటికి పడదు. శిష్యుడు ఏదైనా అడిగితే ఆ పూటకి ఊరుకుంటాడు, లేకపోతే చేతిలో ఏదో ఒకటి పెట్టి నడిపించుకుపోతాడు. ఇక నా సంగతంటారా, నా పేరు తవిటినాయుడు. ఆ వీధి మొదట్లో నా కుట్టుమిషను. ఇరవై ఒకటో ఏట బార్ వదిలేసిన నేను తాలింఖానాను మాత్రం వదల్లేదు. కుర్రాళ్ళ నడుముకట్లు కుట్టిపెట్టడం, వాళ్ళని ఆటపట్టించడం నా పని. చెంబుడు నీళ్ళ వెనకున్న కారణం నాకు తెలుసనే అనుకునేవాణ్ణి. సగమే తెలుసని మొన్న ఆషాఢంలో ఒక శనివారం తెలిసింది.

ఆ శనివారం పొద్దున్న సత్యవేణి వచ్చింది. మా తాలింఖానాలో బార్ పట్టిన మొదటి ఆడపిల్ల. పట్టిన రోజున ఊరు ముక్కున వేలేసుకుంది. రాష్ట్రం పోటీల్లో పతకం తెచ్చాక అదే ఊరు బొమ్మ వేసి ఫ్లెక్సీ కట్టింది. ఆ తర్వాత పెద్ద చదువు చదివి, ఈ ఏడే ఒక డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పే ఉద్యోగంలో చేరింది. వ్యాయామ శాస్త్రమని అక్కడ కొత్త చదువు పెట్టారు. యాభై రెండుమంది పిల్లలు, మొదటి జట్టు. అందరూ చుట్టుపక్కల పల్లెలవాళ్ళు. రేపు వీళ్ళే డ్రిల్లు మాస్టార్లై, కోచ్‌లై ఊళ్ళ మీదికి వెళ్ళేది.

కుండ దగ్గర నీళ్ళు తాగి, సంచి విప్పి, మాస్టారి ముందు రెండు ఇంగ్లీషు పుస్తకాలు పెట్టింది. ఒకటి పీటంత ఉంది. నున్నటి అట్ట, లోపల పేజీ పేజీకీ రంగుల బొమ్మలు. చర్మం ఒలిచిన మనుషులు కండలన్నీ చూపిస్తూ పరుగెడుతున్నారు. రెండోది చూస్తే ఎక్కాల పుస్తకమంత ఉంది. బొమ్మలు కూడా ఎవరో పెన్సిలుతో గీసినట్టున్నాయి.

"మాస్టారూ, పిల్లలకి మొదటి ఏడాదికి ఒక్క పుస్తకం పెట్టాలి. ఇవాళ పన్నెండు గంటల్లోగా ప్రిన్సిపాలు గారికి పేరు చెప్పాలి. ఒకసారి పెడితే ఏళ్ళ తరబడి అదే. ఈ పిల్లల్లో చాలామంది దీని తర్వాత ఇంకో పుస్తకం ముట్టరు, నాకు తెలుసు. ఏది పెట్టమంటారు?"

"నువ్వేమనుకుంటున్నావు?"

"చిన్నదాన్ని చదువుతుంటే ఎదురుగా కూర్చుని చెప్పినట్టుంటుంది. ఒక మనిషి నిలబడ్డాడు, ఒంట్లో ఏమవుతోంది, నడిచాడు, ఇప్పుడేమవుతోంది, పరుగెత్తాడు, చెమట పట్టింది, ఎందుకు పట్టింది, ఇలా సాగుతుంది." గొంతు తగ్గించింది. "కానీ పెద్దదే పెడదామనుకుంటున్నాను."

"ఏం?"

"స్టాఫ్ రూములో ఫిజిక్సు ఆయన ఉన్నాడు మాస్టారూ. డ్రిల్లు టీచరుకి పుస్తకమేమిటండీ, ఈల ఉంటే చాలదూ అన్నాడు, అందరి ముందూ. ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు నేను ఈ ఎక్కాల పుస్తకం పట్టుకెళ్ళానంటే ఇంకేమైనా ఉందా? నవ్వుతారు."

"నవ్వుతారా?" అన్నాడు మాస్టారు. ఆ మాట అన్న తీరు నాకెందుకో నచ్చలేదు. నడుముకట్టు కత్తిరిస్తున్నవాణ్ణి కత్తెర దించి ఆయన ముఖంలోకి చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

లేచి, ఆంజనేయస్వామి పటం వెనక అటక మీదున్న ఎర్రగుడ్డ మూట దించాడు. విజయదశమినాడు గదలకీ బార్‌లకీ పెట్టినట్టే దానికీ మేం కుంకుమబొట్టు పెడతాం. లోపల ఏదో యంత్రం ఉందని కుర్రాళ్ళు అనుకుంటారు. యంత్రం లేదు, మంత్రం లేదు. అది మాస్టారు వయసులో ఉండగా విశాఖపట్నంలో పాత పుస్తకాల బండి మీద సంపాదించిన ఇంగ్లీషు పుస్తకం. బరువులెత్తే విద్య మొత్తం అందులో ఉందని ఆ రోజుల్లో మాతో చెప్పేవాడు. గత ముప్పై ఏళ్ళలో ఆయన దాన్ని విప్పగా నేను చూడలేదు.

మూట చంకలో పెట్టుకుని, "ఆ రెండూ పట్రా అమ్మా. మార్కెట్టుకి వెళదాం," అన్నాడు. నా వైపు తిరిగి, "నువ్వూ రారా," అన్నాడు.

శనివారం పొద్దున్న ఆయన మార్కెట్టుకి ఎవరి దగ్గరికి వెళ్తాడో నాకు తెలుసు. నూకరాజు దగ్గరికి.

ఇది చెప్పాలంటే నేను ముప్పై ఒక్క ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. ఇష్టంగా వెళ్ళే చోటు కాదు, అయినా చెప్తాను. నూకరాజు మా తాలింఖానాకి మొనగాడు. పంతొమ్మిదేళ్ళు. వాడు బార్ ఎత్తితే మేం మా బరువులు దించేసి చూసేవాళ్ళం. ఆ ఏడు మే నెలాఖరున జిల్లా పోటీలు. అరవై కిలోల విభాగంలో నిలబెడితే వాడికి ఎదురు లేదు. కానీ వాడు అరవై మూడున్నాడు. ఆ మూడు కిలోలూ దించాలి. అప్పట్లో బరువు దించడానికి మాకు తెలిసిన పద్ధతి ఒకటే. రగ్గు కప్పుకుని ఎండలో పరుగెత్తడం, నీళ్ళు ముట్టకపోవడం. పైగా తాలింఖానాల్లో తాతల నాటి నమ్మకం ఒకటుండేది, కసరత్తు మధ్యలో నీళ్ళు తాగితే నరాలు చల్లబడి పట్టు పోతుందని. అందుకని కుండ మూతికి గుడ్డ కట్టేవాళ్ళం. ఆ వారం గుడ్డ కట్టే పని మాస్టారు నాకు అప్పజెప్పాడు. ముడి గట్టిగానే కట్టాను.

మూడోనాడు మధ్యాహ్నం వాడు పరుగు ఆపి నిలబడి, "మాస్టారూ, సలేస్తంది," అన్నాడు. చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. మే నెలలో చలేట్రా అని మేమంతా విరగబడి నవ్వాం. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే. మాస్టారు కూడా నవ్వి, "అదీ! ఒళ్ళు దారికొచ్చిందన్నమాట. ఇంకో రెండు చుట్లు," అన్నాడు. వాడు రెండో చుట్టులో తూలాడు. మాటలు ముద్దగా వచ్చాయి. మమ్మల్ని ఎవరో అనుకుని ఏదేదో పిలిచాడు. ఆ తర్వాత పడిపోయాడు.

నెల రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ప్రాణం దక్కింది. మూత్రపిండాలు దెబ్బతిన్నాయని, జన్మలో బరువు ఎత్తకూడదని డాక్టర్లు చెప్పారు. ఊరు మాత్రం వేరే చెప్పుకుంది. తూలాడు, పిచ్చిమాటలాడాడు, కాబట్టి దొంగచాటుగా కల్లు తాగొచ్చి బార్ పట్టబోయాడంది. వాడు తాగలేదని మాకు తెలుసు. కానీ ఊరు కల్లంటే మేం కాదనలేదు. కాదంటే మరేమిటని అడుగుతారు కదా. అలా నూకరాజు కల్లురాజైపోయాడు. మాస్టారు ఆ జూన్‌లోనే కుండ గుడ్డ విప్పి చెంబుడు నీళ్ళ పద్ధతి పెట్టాడు. దాంతో పాపం కడుక్కున్నాడని నేననుకున్నాను.

ఇప్పుడు వాడు కూరగాయల మార్కెట్టులో కాటా దగ్గర కూర్చుంటాడు. కళాసీలు బస్తాలు దించి కాటా మీద వేస్తే, వాడు అంకె చూసి గట్టిగా చదువుతాడు. చెప్పాలంటే ఇప్పటికీ వాడి ముందు బరువులే. ప్రతి శనివారం మాస్టారు వెళ్ళి వాడి పక్కన స్టూలు మీద అరగంట కూర్చుని వస్తాడు. ఏం మాట్లాడుకుంటారని ఒకసారి అడిగితే, "ఏమీ లేదురా, టీ తాగుతాం," అన్నాడు.

మేం వెళ్ళేసరికి వంకాయల లారీ దిగుతోంది. "కల్లురాజన్నా, తూకం!" అని ఒక కళాసీ అరిచాడు. వాడు తల తిప్పకుండా అంకె చదివాడు. మమ్మల్ని చూసి సత్యవేణికి సంచులు పరిచి చోటు చేశాడు.

"ఏటి మాస్టారూ, ఇయ్యాల మందతో వొచ్చీసినారు?"

"ఈ అమ్మాయి కాలేజీలో పాఠం చెప్తుందిరా. రెండు పుస్తకాలు తెచ్చింది. ఏది పెట్టాలని అడుగుతోంది."

"నన్నా?" నూకరాజు పడీపడీ నవ్వాడు. పుస్తకాలు తీసి కాటా మీద ఒక్కొక్కటీ పెట్టాడు. "ఇది కిలో తొమ్మిదొందలు. ఇది మూడొందల యాభై. తూకానికైతే పెద్దదేనమ్మా. రేపు సదువు అచ్చిరాకపోతే తలకింద ఎట్టుకుని పడుకోడానికైనా పనికొస్తాది."

సత్యవేణి కూడా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. "తూకం కాదురా. వాటిల్లో నీ సంగతి ఉందో లేదో అడుగు," అన్నాడు.

"నా సంగతేటి, పుస్తకాల్లోన?" అంటూ వాడు కాటా పళ్ళెం తుడవబోయి ఆగాడు. తర్వాత సత్యవేణిని అడిగాడు. ఎవరైనా వింటారేమోనన్నట్టు చాలా నెమ్మదిగా అడిగాడు.

"ఎండలో పరిగెట్టీవోడికి సలేస్తాదని ఎక్కడైనా రాసేరా, సెల్లీ?"

ఆ పిల్లకి ముందు సంగతి తెలియదు. అయినా తెలిసిన శాస్త్రం కాబట్టి, "ఎందుకు రాయరన్నా, ఉంటుంది," అని పెద్ద పుస్తకం తెరిచింది. వెనక సూచికలో వెతికింది. ఒక పేజీకి వెళ్ళింది, కాదని ఇంకో పేజీకి వెళ్ళింది. ఈలోగా రెండు బస్తాలు కాటా ఎక్కి దిగాయి. లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. చివరికి, "ఇదిగో, నాలుగువందల పన్నెండో పేజీ," అంది. నీలం గళ్ళలో సన్నటి అక్షరాలు. చదువుతూ తెలుగులో చెప్పబోయింది. శరీర ఉష్ణోగ్రత నియంత్రణ వ్యవస్థ అంది, వైఫల్యం అంది, మధ్యలో ఆగి మళ్ళీ మొదలుపెట్టింది. నూకరాజు తలూపుతూనే ఉన్నాడు. వాడికి ఒక్క ముక్క ఎక్కలేదని వాడి మర్యాదే చెబుతోంది.

మాస్టారు అడిగాడు. "ఆ పేజీ ఎప్పటికి చెప్తావమ్మా పిల్లలకి?"

"ఇది మూడేళ్ళకీ సరిపోయే పుస్తకం. వరసలో వెళ్తే మూడో ఏడు మాస్టారూ."

"పిల్లల్ని ఊళ్ళ మీదికి ఎప్పుడు పంపుతారు?"

"మొదటి ఏడాది పరీక్షలు కాగానే. వేసవి శిబిరాల్లో బడిపిల్లలకి ఆటలు నేర్పడానికి. ఏప్రిల్ ఆఖరు నుంచీ మే..." అంటూ ఆగిపోయింది.

ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే చిన్న పుస్తకం తీసింది. వెతకక్కర్లేకపోయింది. తొమ్మిదో పేజీ. చూసుకుంటూ తెలుగులో చదివింది. ఈసారి ఎక్కడా తడుముకోలేదు.

"ఎండలో కష్టపడుతున్నవాడు చలి వేస్తోందంటే నవ్వకండి. తూలుతూ మాట తడబడుతుంటే తాగొచ్చాడనుకోకండి. వాడి ఒళ్ళు లోపల కాలిపోతోంది. వెంటనే పని ఆపించండి. నీడకి చేర్చండి. ఒంటి నిండా చల్లటి నీళ్ళు పోస్తూ ఆసుపత్రికి కబురు పెట్టండి."

"ఆగమ్మా," అన్నాడు నూకరాజు. "మళ్ళా సదువు."

మళ్ళీ చదివింది. కాటా మీద బస్తా అలాగే ఉంది. వాడు అంకె చదవలేదు.

"ఇంకోపాలి."

మూడోసారి చదివింది. నూకరాజు పుస్తకంలోకి వంగి చూశాడు. "ఇది రాసినాయన ఆ రోజు అక్కడున్నాడేటి?" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "ఇన్నావా తవిటీ? నాకు నిజింగానే సలేసింది. నానేటో పని ఎగ్గొట్టడానికి అన్నానని అనుకున్నారు మీరు. ఇన్నేళ్ళూ నాకే అనుమానం, సలేసిందా, ఎయ్యలేదా, నాను కలగన్నానా అని."

నేను వాడి ముఖం చూడలేకపోయాను. సిగ్గేసింది, చచ్చేంత సిగ్గేసింది. వంకాయ బస్తాకేసి చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు మాస్టారు ఎర్రగుడ్డ ముడి విప్పాడు. పుస్తకం సత్యవేణి చేతిలో పెట్టి, "ఇది కూడా చూడు," అన్నాడు.

ఆ పుస్తకాన్ని అలా దగ్గరగా నేనూ చూడడం అదే మొదటిసారి. పట్టుకోగానే అది తనంతట తానే వెనక భాగంలో తెరుచుకుంది. తొంభై రెండో పేజీ నుంచీ అన్నీ పట్టికలు. ఏ వారం ఎంత బరువు, ఎన్నిసార్లు, పోటీకి ముందు ఒళ్ళు ఎలా దించాలి, అన్నీ అంకెలు. ఆ పేజీలన్నీ నూనె వేళ్ళతో నల్లబడి, చెమట చుక్కలతో ఉబ్బిపోయి ఉన్నాయి. సత్యవేణి మొదటికి తిప్పింది. తొంభై ఒకటో పేజీ దాకా పుస్తకం తెల్లగా ఉంది, కొన్నది నిన్ననే అన్నట్టు. ఒక్క పేజీలో మాత్రం నాలుగు వాక్యాల కింద ఎర్ర పెన్సిలు గీత ఉంది. పదకొండో పేజీ. గీత పక్కన తారీకు కూడా వేసి ఉంది.

ఆ నాలుగు వాక్యాలూ ఆమె లోలోపల చదువుకుంది. చదివి మాస్టారి వైపు చూసింది. "ఇదే మాట," అంది. "చలి వేయడం, తూలడం... ఇదే ఉంది. తారీకు మే పద్దెనిమిది."

"నన్ను ఆసుపత్రిలో ఎట్టిన మర్నాడు," అన్నాడు నూకరాజు.

మాస్టారు నిలబడే మాట్లాడాడు. చేతులు కట్టుకుని, బడిలో తప్పు చేసిన పిల్లాడిలా నిలబడ్డాడు. "పుస్తకంలో తప్పు లేదురా. పదకొండో పేజీలోనే రాసి పెట్టాడు మహానుభావుడు. ఆ ముందు పేజీలు చిన్నపిల్లల పాఠాల్లా ఉన్నాయని నేనే వదిలేశాను. ఊపిరేమిటి, చెమటేమిటి, ఇవి నాకెందుకు, నేను మాస్టారిని కదా అనుకున్నాను. నిఘంటువు పక్కన పెట్టుకుని తొంభై రెండో పేజీ దగ్గర మొదలుపెట్టాను. నువ్వు పడిపోయిన రాత్రి నిద్ర పట్టక మొదటినుంచీ చదివాను. తెల్లవారేసరికి ఆ పేజీ వచ్చింది."

"ముప్పై ఒక్క ఏళ్ళయింది మాస్టారూ."

"అవునురా."

"పెతీ శనోరం వొచ్చీవోరు. టీ తాగీవోరు."

"ప్రతి శనివారం చెబుదామనే వచ్చేవాణ్ణి. నోరు రాలేదు."

నూకరాజు లేచి నిలబడ్డాడు. వాడికి అంత కోపం రాగా నేనెప్పుడూ చూడలేదు. గొంతు పెంచలేదు గానీ ప్రతి మాటా పళ్ళ మధ్య నుంచి వచ్చింది. "మా నాన్న పోయేముందు కూడా నన్ను ఏటన్నాడో తెలుసా? ఆ రోజు కల్లు ముట్టకపోతే నువ్వు మారాజువి కదరా అన్నాడు. నాను తాగలేదు నాన్నా అంటే నమ్మలేదు. మీరొచ్చి ఆ ఒక్క ముక్క సదివి ఇనిపించీసుంటే సాలు. నాకు బరువులక్కర్లేదు మాస్టారూ, పతకాలక్కర్లేదు. మా నాన్నకి ఆ ముక్క ఇనిపించీసుంటే సాలు కదా."

మాస్టారి కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. సత్యవేణి రెండు చేతులతో ఆ పాత పుస్తకాన్ని గుండెకి పట్టుకుని నిలబడిపోయింది.

అటు నుంచి ఏమీ తెలియని కళాసీ మళ్ళీ అరిచాడు. "ఏటి కల్లురాజన్నా, నిద్దరోయేవా? తూకం సెప్పు!"

మాస్టారు అటు తిరిగాడు. తాలింఖానాలో గోడలదిరేలా అంకెలు పిలిచిన గొంతు అది. ముసలిదైనా మార్కెట్టు మొత్తానికి సరిపోయింది.

"వాడి పేరు నూకరాజు! వాడు ఆ రోజు కల్లు తాగలేదు. నీళ్ళు కూడా తాగలేదు. తాగనివ్వనివాణ్ణి నేను. కోరాడ అప్పలస్వామిని. అందరూ వినండి!"

బేరాలు ఆగిపోయాయి. బస్తా వీపు మీదున్నవాడు బస్తాతోనే నిలబడ్డాడు. నేనూ ముందుకు జరిగి, "కుండకి గుడ్డ కట్టింది నేను. గట్టిగా నవ్వింది కూడా నేనే," అన్నాను. నా గొంతు పక్కనున్న వంకాయల గంప దాటి వెళ్ళి ఉండదు. కానీ నూకరాజు విన్నాడు.

ఆ కళాసీయే, పాతికేళ్ళ పిల్లాడు, తలకట్టు విప్పి చేత్తో పట్టుకుని దగ్గరికి వచ్చాడు. "మాకేటి తెలుసు నూకరాజన్నా, అందరూ అలాగే పిలుస్తుంటే..." అన్నాడు. నూకరాజు సరేలెమ్మన్నట్టు చెయ్యి ఊపి, కూర్చుని, కాటాకేసి చూసి అంకె చదివాడు. "యాభై రెండు కిలోల మూడొందలు."

తర్వాత స్టూలు మాస్టారి వైపు తోశాడు. "కూకోండి. కోపం పోలేదు. ఇయ్యాల పోదు, ఎప్పుడు పోద్దో నాను సెప్పలేను. కూకోండి." ఆయన కూర్చున్నాడు. నూకరాజు కాటా కింది నుంచి తన నీళ్ళ సీసా తీసి, మూత తిప్పి, ఆయన చేతిలో పెట్టాడు.

"ముందు తాగండి," అన్నాడు.

మాస్టారు సీసా ఎత్తి గటగటా తాగాడు. సగం నీళ్ళు చొక్కా మీదికి పోయాయి. ఆఖరి చుక్క దాకా తాగేవరకూ నూకరాజు ఆయన్ని చూస్తూనే ఉన్నాడు.

సత్యవేణి కాస్త పక్కకి వెళ్ళి ప్రిన్సిపాలు గారికి ఫోను చేసింది. అప్పటికి పదకొండున్నర. పుస్తకం పేరు చెప్పింది, అవతలివాళ్ళకి వినపడక మళ్ళీ చెప్పింది. "అవును సార్, చిన్నదే. మూడువందల యాభై గ్రాములు," అంది. ఆ లెక్క ఎందుకు చెప్పిందో ఆయనకి అర్థమై ఉండదు. అవతల ఏదో నవ్వు వినిపించింది. "నవ్వనివ్వండి సార్, పరవాలేదు," అని ఫోను పెట్టేసింది. నూకరాజు దగ్గరికి వచ్చి చిన్న పుస్తకాన్ని వాడి ఒళ్ళో పెట్టింది. "ఇది మీ దగ్గరుంచండి అన్నా. నా పిల్లల్ని ఒకసారి ఇక్కడికి తీసుకొస్తాను. తొమ్మిదో పేజీ మీరు చెప్పాలి," అంది. నాకు ఇంగ్లీసు రాదు కదమ్మా అన్నాడు వాడు. అక్కర్లేదంది.

బయల్దేరబోతూ పీటంత పుస్తకాన్ని సంచిలో సర్దుకుంది. దాని మీద ఆ పిల్లకి ఇంకా మనసుంది, పాపం. తప్పేముంది, చదువుకున్న పిల్ల. మాస్టారి ముందు నిలబడి మొహమాటంగా అడిగింది.

"మరి ఈ పెద్దదాన్ని ఏం చేయమంటారు మాస్టారూ?"

మాస్టారు తడిసిన చొక్కా పిండుకుంటూ తలెత్తాడు. "అదీ మంచిదేనమ్మా. చదివించు," అన్నాడు. "నీళ్ళు తాగించాక."